ఫిఫ్త్ వీల్ కొందామని వెళ్ళి ట్రావెల్ ట్రైలర్ తెచ్చుకున్నాం: డాలస్‌లో నా అనుభవం

నిన్ననే లేక్ టెక్సోమా నుంచి వచ్చాం. ట్రైలర్ స్టోరేజీలో పెట్టేసి, ఇంటికొచ్చి స్నానం చేసి, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నా. సంతోషంగా ఉంది, కోపంగా కూడా ఉంది, కోపం పూర్తిగా తగ్గాక రాస్తే సగం విషయాలు మర్యాద కోసం మింగేస్తానని ఇప్పుడే కూర్చున్నా. డాలస్ సైడు మనవాళ్ళు ఈమధ్య పికప్‌లు బాగా కొంటున్నారు కదా, ట్రక్ వచ్చిన కొన్నాళ్ళకి ఆర్వీ (లోపలే వండుకుని పడుకునే చక్రాల ఇల్లు) మీదకి మనసు పోతుంది, మాకూ అలాగే పోయింది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ట్రావెల్ ట్రైలర్ అంటే ట్రక్ వెనక బంపర్ కింద హిచ్ (ట్రైలర్ తగిలించే ఇనుప బిగింపు) మీద ఉండే బాల్‌కి తగిలించి లాగేది. ఫిఫ్త్ వీల్ అంటే ట్రక్ బెడ్ (వెనక సామాను వేసే తొట్టి) లోపల, దాదాపు వెనక ఇరుసు మీదే, పద్దెనిమిది చక్రాల లారీలకి ఉన్నట్టు ఒక హిచ్ బిగించి అందులో ట్రైలర్ ముందు భాగం కింద ఉండే లావుపాటి ఇనుప పిన్, అంటే కింగ్‌పిన్, కూర్చోబెట్టి లాగేది. లాగడానికి ఏది హాయి అంటే ఫిఫ్త్ వీలే, దాంట్లో వాదనేం లేదు. బరువు ఇరుసు మీద పడుతుంది కాబట్టి పక్కనుంచి లారీ పోయినా గాలి కొట్టినా తోక ఊపదు. బాల్ హిచ్ అయితే ఇరుసుకి నాలుగడుగులు వెనక ఉంటుంది, ట్రైలర్ పక్కకి జరిగిందంటే ఆ నాలుగడుగులు పట్టుకుని ట్రక్ వెనక భాగాన్నే తిప్పబోతుంది. పైగా ఫిఫ్త్ వీల్ లోపల ఎత్తుగా ఉంటుంది, మెట్లెక్కి వెళ్ళే బెడ్‌రూమ్, నిలబడి పోపు పెట్టుకునే కిచెన్. మా ఆవిడ యూట్యూబ్‌లో చూసి అదే ఫిక్స్ అయిపోయింది. నాక్కూడా ఇష్టమే, ముందే చెప్తున్నా, నేనేం ఫిఫ్త్ వీల్‌కి శత్రువుని కాదు.

మాది ఫోర్డ్ ఎఫ్-150 పికప్, సూపర్‌క్రూ (నాలుగు తలుపుల క్యాబిన్), ఐదున్నర అడుగుల బెడ్, 3.5 ఎకోబూస్ట్ ఇంజిన్. టోయింగ్ రేటింగ్ పదకొండు వేల పౌండ్ల పైనే. ఇక్కడే అందరూ ఆగిపోతారు, పదకొండు వేలు లాగుతుందట అని. నేను ఆగలేదు, ఎందుకంటే డ్రైవర్ డోర్ తీస్తే పక్క పిల్లర్ మీద టైర్ల స్టిక్కర్ ఒకటి ఉంటుంది, పైన పసుపు పట్టీ, దాంట్లో చిన్న అక్షరాలతో మనుషులు, సామాను కలిపి 672 కిలోలు లేదా 1481 పౌండ్లు దాటకూడదు అని ఉంటుంది. అదే పేలోడ్. మీ ట్రక్‌కి వేరే నంబర్ ఉంటుంది, అదే మోడల్ పక్కింటాయనకి ఉన్నా ఆయన నంబర్ వేరే ఉంటుంది, సన్‌రూఫ్, లెదర్ సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ అన్నీ ఇందులోంచే తీసేస్తారు, అంటే ఎంత ఖరీదైన ట్రిమ్ (వేరియంట్) కొంటే అంత తక్కువ మోస్తుంది. ఇది ఏ యాడ్‌లోనూ చెప్పరు.

ఇక డీలర్ దగ్గరికి వెళ్ళిన రోజు. డీలర్ పేరు చెప్పను, ఫ్రీవే పక్కన పెద్ద జెండా ఉంటుంది, అక్కడ అందరికీ జెండాలే కాబట్టి కనుక్కోలేరు. సేల్స్‌మన్ బూట్లేసుకుని గోల్ఫ్ కార్ట్‌లో తిప్పాడు, మంచివాడిలాగే మొదలుపెట్టాడు. "హాఫ్ టన్ ట్రక్ కోసమే చేసింది" (మా ఎఫ్-150 లాంటి పికప్‌ల క్లాసుని అలా అంటారు) అని ఒక ఫిఫ్త్ వీల్ చూపించాడు, దాని మీద అలాగే స్టిక్కర్ కూడా అంటించి ఉంది. ఖాళీ బరువు 7,600, ఫుల్ లోడ్ 9,500. పిల్లలు ఎక్కేసి బంక్ బెడ్లు పంచేసుకున్నారు, మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి ఇడ్లీ పిండి గిన్నె పడుతుందా అని కొలుస్తోంది. నేను కింద నిలబడి పిన్ వెయిట్, అంటే ఆ కింగ్‌పిన్ నుంచి ట్రక్ మీద పడే బరువు, ఎంత అని అడిగా. బ్రోషర్ చూసి 1,350 అన్నాడు. అది డ్రై, అంటే ఖాళీగా ఉన్నప్పటిది కదా, బ్యాటరీ, గ్యాస్ సిలిండర్లు, ముందు స్టోరేజీలో సామాను అంతా వేశాక ఎంత అని అడిగా. అక్కడ నుంచి మొదలైంది.

చూడండి, ఫిఫ్త్ వీల్ బరువులో దాదాపు ఐదో వంతు పిన్ మీద పడుతుంది. మేం నింపుకున్నాక 9,300 అవుతుంది అనుకుంటే పిన్ మీద 1,860 పౌండ్లు. హిచ్ ఇనుము ఒక 150. మేం నలుగురం, బెడ్ కవర్, కూలర్, టూల్ బాక్స్ కలిపి 525 (మా ఆవిడ బరువు నేను అంచనా వేశా, అడిగితే చెప్పలేదు, అంచనా చెప్తే ఇంకా కోపమొచ్చింది). మొత్తం 2,535. మోయగలిగింది 1,481. వెయ్యి పౌండ్లకి పైగా ఎక్కువ. ఇది ఐదో క్లాసు లెక్క. ఫోన్‌లో ఎక్సెల్ తీసి చూపించా, నేను చేసేదే డేటా ఉద్యోగం, నాతో లెక్కల్లో పెట్టుకోకూడదు.

వాడు లెక్క చూడలేదు, నా మొహం చూశాడు. "మీరు ఇంతకుముందు ఎప్పుడైనా ఏదైనా లాగారా?" అన్నాడు. లేదు అన్నా. "మీ దేశంలో ఇలాంటి ట్రక్కులు ఉంటాయా?" అన్నాడు, నవ్వుతూనే. తర్వాత మేనేజర్‌ని పిలిచాడు, మేనేజర్ ఇంకొకణ్ణి తీసుకొచ్చాడు, ముగ్గురూ కలిసి నా ట్రక్ చుట్టూ తిరిగి, టైర్లని కాలితో తన్ని, "ఎయిర్ బ్యాగులు వేయిస్తే సరిపోద్ది, మేమే వేస్తాం, డిస్కౌంట్ ఇస్తాం" అన్నారు. ఎయిర్ బ్యాగులు వేస్తే ట్రక్ వెనక భాగం కుంగకుండా సమంగా నిలబడుతుంది, అంతవరకే, ఇరుసు బలం పెరగదు, బ్రేకులు పెరగవు, స్టిక్కర్ మీద నంబర్ మారదు. ఆ మాటే అన్నా. మేనేజర్ నన్ను వదిలేసి పైకెళ్ళి మా ఆవిడతో మాట్లాడటం మొదలుపెట్టాడు, "మీ ఆయన చాలా జాగ్రత్తపరుడు" అని. ఆ మాట మెచ్చుకోలు కాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. నెలకి ఇంతే పడుతుంది అని ఒక కాగితం చేతిలో పెట్టాడట, పదిహేనేళ్ళ లోన్, ఎన్నేళ్ళు అన్నది కింద చిన్నగా ఉంది.

దీనికంటే పెద్ద అవమానం ఏంటంటే అక్కడ మన తెలుగాయన ఒకాయన ఉన్నాడు. బంపర్ మీద బాలాజీ స్టిక్కర్ ఉన్న హాఫ్ టన్ ట్రక్, సర్వీస్‌కి తెచ్చుకున్నాడు. మా గొడవ విని దగ్గరికొచ్చి తెలుగులో "ఏం కాదు బ్రదర్, నేను ఎప్పట్నుంచో ఇలాగే లాగుతున్నా, పోలీసులు ఎవరూ తూకం వేయరు, మరీ అంత భయపడితే ఎలా" అన్నాడు. మా అబ్బాయి కిటికీలోంచి విన్నాడు, "నాన్నా నువ్వు భయపడుతున్నావా" అని అడిగాడు. సేల్స్‌మన్‌కి తెలుగు రాదు గానీ అర్థమైపోయింది, వాడి మొహంలో గెలిచిన నవ్వు. ఆ క్షణంలో కొనేద్దామా అని కూడా అనిపించింది, నిజం. తెల్లోడు వెక్కిరిస్తే పడతాం, మనోడు వెక్కిరిస్తే మాత్రం రోషం పొడుచుకొస్తుంది. పోలీసు తూకం వేస్తాడా లేదా అన్నది అసలు ప్రశ్నే కాదు బ్రదర్, మీరు చదివితే ఇదే నా జవాబు, వెనక ఇరుసు విరిగేటప్పుడు పోలీసు కోసం ఆగదు. టైరు పేలేది కూడా మామూలుగా పిల్లలు వెనక సీట్లో పడుకుని ఉన్నప్పుడే.

సరే, సంతకం పెట్టకుండా వచ్చేశాం. ట్రక్‌లో ఎవరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ "నీకు ఆ డోర్ మీద స్టిక్కర్ ముఖ్యమా, మేం ముఖ్యమా" అంది. మీ కోసమే కదా ఆ స్టిక్కర్ అంటే వినలేదు.

అందుకే క్యాట్ స్కేల్‌కి తీసుకెళ్ళా. హైవే మీద ట్రక్ స్టాపుల్లో లారీలు తూకం వేసుకునే కాటా ఉంటుంది కదా, అది మనం కూడా వాడుకోవచ్చు, చాలామందికి తెలీదు. నేల మీద వరుసగా పెద్ద పలకలు ఉంటాయి, ముందు చక్రాలు ఒకదాని మీద, వెనకవి ఇంకోదాని మీద, ట్రైలర్ ఉంటే దాని చక్రాలు మూడోదాని మీద. తూకం మూడు ముక్కలుగా విడివిడిగా వస్తుంది, అదే దాని గొప్ప. పక్కన స్తంభం మీద బటన్, స్పీకర్ ఉంటాయి. లారీ డ్రైవర్లకి అందేలా పైన పెట్టారు, మన పికప్ కిటికీలోంచి చెయ్యి చాపితే అందలేదు, దిగి వెళ్ళి నొక్కా. లోపల్నుంచి ఒకావిడ "మొదటిసారా, రీవేయా (మళ్ళీ తూకమా)?" అంది. మొదటిసారి అన్నా. "ట్రక్ నంబర్?" అంది. లైసెన్స్ ప్లేట్ చెప్పా. "అది కాదు హనీ, కంపెనీ ట్రక్ నంబర్" అంది. కంపెనీ లేదు అన్నా. వెనక రెండు లారీలు వచ్చి నిలబడ్డాయి. "కంపెనీ పేరు?" అంది. మళ్ళీ లేదు అన్నా. వెనకోడు హారన్ కొట్టాడు, ఆ హారన్ కడుపులో వినిపిస్తుంది. చివరికి "ప్రైవేట్" అంటే చాలట, ట్రక్ నంబర్ ఒకటి అని చెప్పేయొచ్చట, ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది కాబట్టి నేను మీకు చెప్తున్నా: ప్రైవేట్, నంబర్ ఒకటి, అంతే. ఇంకా తేలిక కావాలంటే వాళ్ళ ఫోన్ యాప్ ఉంది, అది వేసుకుంటే ఎవరితో మాట్లాడక్కర్లేదు, కాగితం కోసం లోపలికి కూడా పోనక్కర్లేదు. ఖర్చు చాలా తక్కువ, 24 గంటల్లోపు మళ్ళీ వేయించుకుంటే ఇంకా తక్కువ. ఒక పిజ్జా డబ్బులతో మీ సంసారం బరువు తేలిపోతుంది.

ఫుల్ ట్యాంక్, నలుగురం కూర్చుని వేయించాం. ముందు 3,420, వెనక 2,680, మొత్తం 6,100. ట్రక్ మొత్తం బరువు పరిమితి 7,050, మిగిలింది 950. వెనక ఇరుసు పరిమితి 3,800. ఆ ఫిఫ్త్ వీల్ పిన్, హిచ్ కలిపి 2,010 దాదాపు మొత్తం వెనక ఇరుసు మీదే పడుతుంది, 2,680కి అది కలిపితే 4,690. మా ఆవిడ ఆ చీటీ చేతిలో పట్టుకుని రెండుసార్లు చూసి, "సరే, చిన్నది చూడు" అంది. నాకు ఆ మాట చాలు. చీటీ ఇంకా గ్లవ్ బాక్స్‌లోనే ఉంది, ఎవరైనా నమ్మకపోతే చూపిస్తా.

ట్రక్ మార్చొచ్చు కదా అంటారు. చూశాం. హాఫ్ టన్ తర్వాతి క్లాసు ముప్పావు టన్ను, అంటే 2500 క్లాస్, అందులో డీజిల్ అంటే మనవాళ్ళు అది ఏనుగునైనా లాగుద్ది అనుకుంటారు, లాగుద్ది, మోయదు. డీజిల్ ఇంజిన్ చాలా బరువు, 2500 క్లాస్ ట్రక్కులు చాలావాటికి మొత్తం బరువు పది వేల పౌండ్ల దగ్గర ఆపేస్తారు, మంచి ట్రిమ్‌లో డోర్ తీసి చూస్తే పేలోడ్ రెండు వేల దగ్గరే కనిపిస్తుంది. నిజంగా పెద్ద ఫిఫ్త్ వీల్ కావాలంటే ఒక టన్ను, అంటే ఎఫ్-350 లాంటివి చూసుకోండి. ఇంకోటి, మా బెడ్ ఐదున్నర అడుగులే, సన్నటి మలుపులో ట్రైలర్ మూల వచ్చి క్యాబిన్ వెనక అద్దానికి తగులుతుంది, వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ కావాలి, అది ఇంకా బరువు. ఆ సేల్స్‌మన్ ఈ ముక్క ఎత్తలేదు. టెక్సస్‌లో ట్రక్, ట్రైలర్ రేటింగులు కలిపి 26,000 పౌండ్లు దాటితే క్లాస్ ఏ లైసెన్స్ కూడా తీసుకోవాలి, మామూలు సెటప్పులకి ఆ బాధ లేదు.

ట్రావెల్ ట్రైలర్ ఒక రిటైరైన జంట దగ్గర కొన్నాం, ఖాళీగా 4,900, ఫుల్ రేటింగ్ 6,500. పైకప్పు ఎక్కి సీలెంట్ చూశా, అన్ని కుళాయిలు తిప్పా, ఫ్రిజ్ గ్యాస్ మీద నడిపించా, టైరు పక్కన డాట్ నంబర్ చివర నాలుగంకెలు చూశా (మొదటి రెండు టైరు తయారైన వారం, తర్వాతవి ఏడాది). టైటిల్, 6.25 శాతం ట్యాక్స్, ఇన్సూరెన్స్ ఒక్క పూటలో అయిపోయాయి. హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ళ సంఘం) వాళ్ళు ఇంటి ముందు పెట్టనివ్వరు, స్టోరేజీకి నెలనెలా కట్టుకోవాలి, హెచ్‌ఓఏ గురించి రాస్తే ఇంకో రామాయణం.

ఇక బాల్ హిచ్ మీద పడే బరువు, దీన్నే టంగ్ వెయిట్ అంటారు. ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. మా తాతయ్య ఎడ్లబండికి గడ్డి ఎత్తేటప్పుడు కాడి మీద కాస్త బరువు పడేలా ముందుకి సర్దించేవాడు, వెనక ఎక్కువైతే నొగ పైకి లేచి ఎడ్ల గొంతుకి పట్టేస్తుంది, ఇక్కడా అదే సూత్రం, వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ ఊగుతుంది. అందుకని సైకిళ్ళు వెనక బంపర్‌కి కట్టకండి. నీళ్ళ ట్యాంక్ ఎక్కడుందో చూసుకోండి, గ్యాలన్ నీళ్ళు 8 పౌండ్ల పైనే, నలభై గ్యాలన్లంటే ఇంకో మూడు వందల ముప్పై పౌండ్లు, పార్కులో ఎలాగూ నీళ్ళ కనెక్షన్ ఉంటుంది, ఖాళీగా వెళ్ళండి. మాది 6,000 లోడ్‌కి 780 పడింది. మా ట్రక్ హిచ్ కింద స్టిక్కర్ చూస్తే ఉత్త బాల్ మీద అయితే 500 పౌండ్ల వరకే, అంతకి మించితే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడాలి. రెండు స్ప్రింగ్ బార్లు ఉంటాయి, వెనక పడే బరువుని కొంత ముందు చక్రాలకి, కొంత ట్రైలర్ చక్రాలకి పంపుతాయి. ఊగడం ఆపే రకం తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా.

మళ్ళీ కాటాకి వెళ్ళాం, ఈసారి దర్జాగా "ప్రైవేట్, నంబర్ ఒకటి" అన్నా. ముందు 3,360, వెనక 3,520, ట్రైలర్ 5,300. అన్నీ పరిమితిలోపే.

రోడ్డు మీద గొడవేం లేదు. బ్రేక్ కంట్రోలర్ (ట్రక్‌లోంచి ట్రైలర్ బ్రేకులు నడిపేది) గెయిన్, అంటే బ్రేకుల పట్టు, ఖాళీ రోడ్డు మీద పాతిక మైళ్ళ స్పీడ్‌లో లివర్ నొక్కి సెట్ చేసుకున్నా, ట్రైలర్ టైరు లాక్ అవకుండా గట్టిగా పట్టేంత. టైరు మీద వేరే స్పీడ్ రేటింగ్ రాసి లేకపోతే ట్రైలర్ టైర్లకి 65 మైళ్ళే పరిమితి, టెక్సస్‌లో బోర్డు మీద 75 ఉంటే ఉండనీ, మనకి 65 లోపే. యూఎస్-75 హైవే మీద లారీ దాటేటప్పుడు ముందు గాలి పక్కకి నెడుతుంది, తర్వాత లారీ వైపు లాగుతుంది, స్టీరింగ్‌తో కుస్తీ పట్టొద్దు, నిటారుగా పట్టుకోండి. ఒకవేళ ఊగడం మొదలైతే ట్రక్ బ్రేక్ తొక్కొద్దు, యాక్సిలరేటర్ వదిలి, ట్రైలర్ బ్రేక్ లివర్ మాత్రం చేత్తో నొక్కాలి. మైలేజ్ తొమ్మిదీ పది మధ్యలో, దాని గురించి మాట్లాడుకోవద్దు. టోల్ రోడ్డు ఎక్కితే ఇరుసులు లెక్కపెట్టి ఒకటి తీసేసి దాంతో గుణిస్తారు, ట్రక్కుకి రెండు, ట్రైలర్‌కి రెండు, అంటే మామూలు కారు టోల్‌కి మూడింతలు.

ఐసెన్‌హవర్ స్టేట్ పార్క్‌లో వెనక్కి పెట్టేటప్పుడు చెయ్యి స్టీరింగ్ కింద భాగంలో పట్టుకున్నా, చెయ్యి ఎటు కదిపితే ట్రైలర్ అటు పోతుంది, ఆలోచించక్కర్లేదు. మా ఆవిడ ఫోన్‌లో లైన్లో ఉండి చెప్పింది, అరుపులు లేవు. పక్క సైట్లో పెద్ద ఫిఫ్త్ వీల్ తెచ్చినాయన వచ్చి "నీట్‌గా పెట్టావు" అన్నాడు. ఆయన ట్రక్ ఎఫ్-350, వెనక నాలుగు చక్రాలు, నేను తిన్నగా పోయి ఆయన డోర్ తీయించి స్టిక్కర్ చూశా, 5,000 పైనే ఉంది. అదీ ఫిఫ్త్ వీల్ లాగాల్సిన ట్రక్. ఆ స్టేట్ పార్కులకి ఏడాది పాస్ ఉంటుంది, కారులో ఉన్న అందరికీ ఎంట్రీ ఫ్రీ, క్యాంప్ సైట్ డబ్బులు వేరే, తీసుకోండి.

వచ్చే వేసవికి అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు. వాళ్ళిద్దరూ, అమ్మ తెచ్చే పచ్చడి జాడీలు కలిపి మూడు వందల పౌండ్లకి తక్కువ కాదు, ట్రక్‌లో ఎక్కిస్తే లెక్క తప్పుతుంది. వాళ్ళని మా ఆవిడ కారులో తీసుకుని వెనక వస్తుంది, అమ్మకి ఇప్పట్నుంచే చెప్తున్నా, అర్థం కావట్లేదు, "అంత పెద్ద బండి పెట్టుకుని నన్ను ఎక్కించుకోలేవంట్రా" అంటోంది.